కాంట్రాక్టు కార్మికులు యూనియన్ కట్టుకొని సరైన జీతం, పని భద్రత సాధించుకోవడం ఎలా

మున్సిపాలిటీలో రోడ్లు ఊడ్చేవారైనా, ప్రభుత్వాసుపత్రి వార్డుల్లో శుభ్రం చేసేవారైనా, పాశమైలారంలోనో జీడిమెట్లలోనో పరవాడలోనో కాంట్రాక్టరు కింద యంత్రాల దగ్గర నిలబడేవారైనా, అడిగేవి రెండే: చేసిన పనికి తగ్గ జీతం, కాంట్రాక్టరు మారినా ఊడిపోని పని. ఈ రెండూ ఎవరి దయవల్లా రావు. అలాగని ఒక పూట గేటు ముందు నినాదాలిచ్చినంత మాత్రాన కూడా రావు. కొత్తగా యూనియన్ పెట్టుకోవాలనుకుంటున్న, లేదా పెట్టుకొని ఎలా నడపాలో తోచక ఆగిపోయిన కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ కార్మికుల కోసం ఈ వ్యాసం రాస్తున్నాను. ఇందులో ఎక్కువ భాగం సమ్మెకు ముందు చేయవలసిన పనుల గురించే ఉంటుంది. నేను దగ్గరగా చూసిన పోరాటాల్లో గెలిచినవి సమ్మె నోటీసు ఇవ్వకముందే సగం గెలిచినవి, ఓడినవి ఆ సగాన్ని దాటేసి నేరుగా టెంటు వేసినవి.

చట్టం గురించి ఒక ముక్క ముందే చెప్పాలి. 2025 నవంబర్ 21 నుంచి కేంద్రం నాలుగు లేబర్ కోడ్‌లను అమల్లోకి తెచ్చింది. 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టం, 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం, 1948 నాటి కనీస వేతనాల చట్టం, 1970 నాటి కాంట్రాక్టు లేబర్ చట్టం సహా 29 చట్టాలు వాటిలో కలిసిపోయాయి. కేంద్ర కార్మిక సంఘాల్లో ఎక్కువ భాగం ఈ కోడ్‌లను వ్యతిరేకిస్తున్నాయి, ముఖ్యంగా సమ్మె హక్కు విషయంలో వారి అభ్యంతరం సబబైనదేనని నా అభిప్రాయం. అయితే వ్యతిరేకించడం ఒక పని, వాటిలో మనకు అక్కరకొచ్చే సెక్షన్లను వాడుకోవడం ఇంకో పని. రెండూ ఏకకాలంలో చేయవచ్చు.

మొదటి అడుగు: జీతం లెక్కను కాగితం మీదికి తెండి

చాలా ఏళ్ల కిందట మేము పనిచేసిన ఒక ఫ్యాక్టరీలో షిఫ్టు పన్నెండు గంటలు ఉండేది. ఓవర్‌టైమ్ ఇవ్వడం లేదని అరవై మందిమి కలిసి లేబర్ ఆఫీసుకు వెళ్లాం. కాంట్రాక్టరు తాపీగా వచ్చి మస్టరు (హాజరు) పుస్తకం బల్లమీద పెట్టాడు. అందులో ప్రతిరోజూ ఎనిమిది గంటలే ఉంది, పక్కనే మా సంతకాలు, సంతకం రానివారి వేలిముద్రలు. జీతం రోజున చదవకుండా పెట్టిన సంతకాలవి. అధికారి మా వైపు తిరిగి "మీ దగ్గర ఏముంది?" అని అడిగితే ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఆ రోజు తిరిగి వస్తూ దారిలోనే ప్రతి ఒక్కరం ఐదు రూపాయల జేబు పుస్తకం కొన్నాం. లోపలికి వెళ్లిన సమయం, బయటికి వచ్చిన సమయం, ఆ రోజు పని చెప్పిన సూపర్‌వైజరు పేరు, ఈ మూడే రాసుకోవాలని నియమం పెట్టుకున్నాం. ఏడాది తర్వాత అదే ఆఫీసుకు వెళ్లినప్పుడు బల్లమీద మస్టరు ఒక్కటే లేదు, దాని పక్కన నలభై ఏడు జేబు పుస్తకాలు కూడా ఉన్నాయి.

కాబట్టి మొదట పుస్తకం మొదలుపెట్టండి. ఈ రోజుల్లో ఫోను ఉంది కనుక పే స్లిప్పు, హాజరు పట్టీ, నోటీసు బోర్డు, వాట్సాప్‌లో సూపర్‌వైజరు పంపిన డ్యూటీ చార్టు, అన్నిటికీ ఫొటో తీసి తేదీవారీగా ఒకచోట పెట్టుకోండి. జీతం బ్యాంకులో పడితే పాస్‌బుక్కే సాక్ష్యం. వేతనాల కోడ్ ప్రకారం జీతం తక్కువ ఇచ్చారన్న దరఖాస్తు వచ్చినప్పుడు, ఇవ్వాల్సింది ఇచ్చేశామని నిరూపించే భారం యజమానిదే. అలాంటి దరఖాస్తు మూడేళ్లలోపు ఎప్పుడైనా పెట్టుకోవచ్చు. ఇది బాగా కలిసివచ్చే మార్పే. కానీ మన దగ్గర ఎదురు లెక్క లేకపోతే దొంగ మస్టరే నిజమైన మస్టరుగా చలామణీ అవుతుంది.

ఇప్పుడు లెక్క ఎలా చూడాలో ఒక ఉదాహరణతో చెబుతాను. ఎనిమిది గంటల పనికి రోజుకూలి 500 రూపాయలు అనుకుందాం. గంటకు 62 రూపాయల 50 పైసలు. ఓవర్‌టైమ్‌కు చట్టప్రకారం రెట్టింపు, అంటే గంటకు 125. నాలుగు గంటలు అదనంగా చేస్తే 500. కనుక పన్నెండు గంటల షిఫ్టుకు రావలసింది 1,000 రూపాయలు. "షిఫ్టుకు 700 ఇస్తున్నాం, బయట 600కే చేస్తున్నారు" అని కాంట్రాక్టరు చెప్పే మాటలో రోజుకు 300, 26 రోజుల నెలకు 7,800 మాయమవుతున్నాయి. ఈ లెక్కను మీ తోటివారి చేతే, వారి పుస్తకంలోనే వేయించండి. ఎవరో వేసి చూపించిన లెక్క కన్నా తన చేత్తో వేసుకున్న లెక్క మనిషిని ఎక్కువ కదిలిస్తుంది.

పీఎఫ్ దగ్గర మోసం ఇంకా సన్నగా ఉంటుంది. మొత్తం జీతం 14,000 అయితే, అందులో బేసిక్ (మూలవేతనం), డీఏ (కరువు భత్యం) కలిపి 5,000 అని చూపించి, మిగిలిన 9,000ను రకరకాల అలవెన్సుల కింద రాస్తారు. పీఎఫ్ 12 శాతం చొప్పున 600 మాత్రమే కడతారు. కొత్త కోడ్‌లలో అలవెన్సులు మొత్తం జీతంలో సగాన్ని దాటకూడదు, దాటినంత మేరకు వేతనంలోనే కలిపి లెక్కించాలి. అంటే ఈ ఉదాహరణలో వేతనం 7,000 అవుతుంది, పీఎఫ్ 840 అవుతుంది. తేడా నెలకు 240. యజమాని వాటా కూడా అంతే. ఒక్కరి ఖాతాలో ఏడాదికి 5,760 రూపాయలు తగ్గుతున్నాయి, 120 మంది ఉన్నచోట అది 6,91,200. ఇది చాలదన్నట్టు కొందరు కాంట్రాక్టర్లు యజమాని వాటాను కూడా కార్మికుడి జీతంలోంచే కోస్తారు, అది పూర్తిగా చట్టవిరుద్ధం. ప్రతి ఒక్కరూ తమ యూఏఎన్‌ను (పీఎఫ్ నంబరును) ఫోనుతో కలుపుకొని పీఎఫ్ పాస్‌బుక్ దించుకోవాలి. వైద్య బీమా అయిన ఈఎస్ఐకి కార్మికుడి వాటా 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం, జీతంలో కోత పడుతున్నా కార్డు లేదంటే డబ్బు ఎక్కడో ఆగిపోతున్నట్టే.

కనీస వేతనం ఎంతో తెలుసుకోవడానికి ప్రభుత్వ కనీస వేతనాల ప్రకటనలో మీ పని ఏ రంగం కింద వస్తుందో, మీ ఊరు ఏ జోన్‌లో ఉందో, మిమ్మల్ని నైపుణ్యం లేనివారిగా చూపారా, అర్ధనైపుణ్యం ఉన్నవారిగా చూపారా అన్నవి కావాలి. ధరల సూచీని బట్టి ఏప్రిల్ 1న, అక్టోబర్ 1న వీడీఏ (మారే కరువు భత్యం) మారుతుంది. ఆ రెండు నెలల్లో పే స్లిప్పు మారలేదంటే అప్పుడే అడగాలి. ప్రభుత్వ శాఖల్లో ఔట్‌సోర్సింగ్‌పై ఉన్నవారికి వేరే జీఓలుంటాయి. తెలంగాణలో 2021 జూన్‌లో వచ్చిన జీఓ 60 మూడు తరగతులకు 15,600, 19,500, 22,750 రూపాయలుగా నిర్ణయించింది. జీఓలో ఉన్నది ఎంత, ఏజెన్సీ చేతికిస్తున్నది ఎంత అన్న తేడా చూస్తే చాలాచోట్ల మొదటి కరపత్రం దానంతటదే తయారవుతుంది.

రెండో అడుగు: అసలు యజమాని ఎవరో తేల్చుకోండి

కాంట్రాక్టరు కేవలం మధ్య మనిషి. మీరు పనిచేసే మున్సిపాలిటీ, ఆసుపత్రి, ఫ్యాక్టరీ ప్రధాన యజమాని. కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే ప్రధాన యజమానే చెల్లించి, కాంట్రాక్టరు బిల్లుల్లోంచి మినహాయించుకోవాలని 1970 చట్టంలోనూ ఉంది, ఇప్పటి కోడ్‌లోనూ ఉంది. కనుక ప్రతి ఉత్తరం ఇద్దరి పేరునా రాయండి, ఒక కాపీ లేబర్ ఆఫీసుకు ఇవ్వండి, ఇచ్చినట్టు మీ కాపీ మీద ముద్ర వేయించుకోండి. ముద్ర లేని ఉత్తరం ఇవ్వని ఉత్తరంతో సమానం.

ప్రధాన యజమాని ప్రభుత్వ సంస్థ అయితే సమాచార హక్కు చట్టం కింద కాంట్రాక్టు ఒప్పందం కాపీ, నెలవారీ బిల్లులు, పీఎఫ్ చలాన్లు అడగండి. జిల్లా స్థాయి కార్యాలయాల్లో ఫీజు పది రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. ఒప్పందంలో 80 మంది అని ఉండి, పనిలో 62 మందే ఉంటే, ఆ పద్దెనిమిది మంది జీతం ఎటు పోతోందో, వారి పని ఎవరి నడుము మీద పడుతోందో మీకు వెంటనే అర్థమవుతుంది.

పని భద్రతకు ఇదే పునాది. మీకు రోజూ పని చెప్పేది ఎవరు, సెలవు మంజూరు చేసేది ఎవరు, పనిముట్లు ఎవరివి, కాంట్రాక్టర్లు ఎంతమంది మారినా అదే చోట అదే పని ఎన్నేళ్లుగా చేస్తున్నారు అన్నవాటికి సాక్ష్యాలు పోగుచేసుకోండి. కాంట్రాక్టు పేరుకు మాత్రమే ఉందని ట్రిబ్యునల్ (కార్మిక వివాదాలు తేల్చే కోర్టు) ముందు చూపించాలంటే అడిగేవి ఇవే. పాత కాంట్రాక్టర్లు ఇచ్చిన గుర్తింపు కార్డులను పారేయకండి. పీఎఫ్ పాస్‌బుక్‌లో వరుసగా కనిపించే కంపెనీల పేర్లు కూడా మీరు ఒకే చోట నిలకడగా ఉన్నారన్నదానికి ఆధారమే. అదే సమయంలో తోటివారికి లేనిపోని ఆశలు పెట్టకూడదు. కాంట్రాక్టు వ్యవస్థను రద్దు చేసినా కార్మికులు వారంతటవారే పర్మినెంటు అయిపోరని సుప్రీంకోర్టు 2001లో స్టీల్ అథారిటీ కేసులో చెప్పింది. 2016లో జగ్‌జీత్ సింగ్ కేసులో మాత్రం, ఒకే పని చేసే తాత్కాలిక ఉద్యోగులకు సమాన వేతనం ఇవ్వాల్సిందేనని చెప్పింది. మొదటి తీర్పు సంగతి దాచి, రెండోదాన్ని మాత్రమే చెప్పి చందాలు వసూలు చేసే నాయకులు ఉన్నారు. మీరు అలా కావద్దు.

మూడో అడుగు: ఒక్కొక్కరితో మాట్లాడండి

పెద్ద మీటింగు తర్వాత పెట్టుకోవచ్చు, ముందు పేర్ల జాబితా రాయండి. ఏ షిఫ్టులో ఎవరు, ఏ ఊరి నుంచి వస్తారు, ఎవరి మాట ఎవరు వింటారు అన్నవి ఆ జాబితాలో ఉండాలి. గట్టిగా మాట్లాడేవాడు నాయకుడని అనుకోవద్దు. జీతం తేడా వచ్చినప్పుడు అందరూ ఎవరి దగ్గరికి వెళ్లి స్లిప్పు చూపిస్తారో, ఇంట్లో కష్టం వస్తే ఎవరికి ఫోన్ చేస్తారో, అలాంటివారు ప్రతి షిఫ్టులో ఒకరిద్దరు ఉంటారు. వారు మీతో ఉంటే షిఫ్టు మీతో ఉన్నట్టు.

మాట్లాడే చోటు గేటుకు కాస్త దూరంగా ఉన్న టీ కొట్టో, ఎవరి ఇంటి అరుగో అయితే మంచిది. మొదట మీరు తక్కువ మాట్లాడండి. "అక్కా, పోయిన నెల ఎంత పడింది?" అని అడిగి ఊరుకుంటే, మిగిలినదంతా ఆమే చెబుతుంది. అందరూ అడిగే ప్రశ్న ఒకటి తప్పక వస్తుంది: "అన్నా, నా పేరు రాస్తే పనిలోంచి తీసేస్తే?" దీనికి "ఏం కాదులే" అని చెప్పకండి, ఎందుకంటే అవ్వొచ్చు. యూనియన్‌లో చేరినందుకు వేధించడం, తీసేయడం చట్టం దృష్టిలో అనుచిత కార్మిక విధానమని, ఒకరిద్దరే బయటపడితే తీసేయడం సులువని, డెబ్బై మంది ఒకేసారి కనిపిస్తే కష్టమని, అందుకే సగం మంది చేరేదాకా ఎవరి పేరూ బయటికి రానివ్వమని చెప్పండి. చెప్పిన మాట నిలబెట్టుకోండి. సభ్యత్వ రశీదు పుస్తకాలు నమ్మకమైన ఒకరి ఇంట్లో ఉండాలి, వాట్సాప్ గ్రూపులో పేర్ల జాబితా పెట్టకూడదు. ఆ గ్రూపు కాంట్రాక్టరు ఫోనులో కూడా ఉందని అనుకునే రాయండి, చాలాసార్లు ఉంటుంది కూడా.

పారిశుధ్య పనిలో, ఆసుపత్రుల్లో స్త్రీలు ఎక్కువ. మీటింగు రాత్రి ఎనిమిదికి పెడితే వారు రాలేరు, రాకపోతే వారి సమస్యలు డిమాండ్లలోకి ఎక్కవు. పొద్దున నాలుగున్నరకు చీపురు పట్టుకునే మనిషికి మధ్యాహ్నం హాజరు వేసుకున్న తర్వాత అరగంట దొరుకుతుంది. ఆ అరగంటలోనే పెట్టండి. కమిటీలో వారి సంఖ్యకు తగ్గట్టు వారుండాలి.

నాలుగో అడుగు: రిజిస్ట్రేషన్

దరఖాస్తు మీద కనీసం ఏడుగురు సంతకం చేయాలి. దానితో పాటు ఆ సంస్థలో లేదా ఆ పరిశ్రమలో పనిచేసేవారిలో 10 శాతం మంది గానీ 100 మంది గానీ, ఏది తక్కువైతే అంతమంది సభ్యులై ఉండాలి. సర్వసభ్య సమావేశం జరిపి, యూనియన్ పేరు, నియమావళి, కార్యవర్గం ఆమోదించినట్టు మినిట్స్ పుస్తకంలో తీర్మానం రాసి, హాజరైనవారి సంతకాలు తీసుకొని, కార్మిక శాఖలోని ట్రేడ్ యూనియన్ల రిజిస్ట్రారుకు దాఖలు చేయాలి. బయటివారిని ఆఫీస్ బేరర్లుగా పెట్టుకోవచ్చు గానీ మొత్తంలో మూడోవంతుకు లేదా ఐదుగురికి, ఏది తక్కువైతే దానికి, మించకూడదు. బయటి నాయకుడికి చట్టం తెలుస్తుంది, ఆఫీసుల్లో పరిచయాలుంటాయి, పైగా అతన్ని పనిలోంచి తీసేయలేరు. అందుకే ఒకరిద్దరు అవసరం. అయితే చర్చలకు అతనొక్కడే వెళ్లే అలవాటు చేయకండి.

చందా చిన్నదైనా నెలనెలా వసూలు చేయండి, ప్రతి రూపాయికీ రశీదు ఇవ్వండి, యూనియన్ పేరున బ్యాంకు ఖాతా తెరిచి ఇద్దరి సంతకాలతో నడపండి. ఏటా రిజిస్ట్రారుకు లెక్కల రిటర్ను దాఖలు చేయాలి, చేయకపోతే రిజిస్ట్రేషన్ రద్దవుతుంది. యూనియన్లు యాజమాన్యం దెబ్బకే పోతాయని అనుకుంటాం గానీ, లెక్కలు చూపని కోశాధికారి వల్ల పోయినవి కూడా తక్కువేమీ కాదు.

కేంద్ర సంఘాల్లో దేనికైనా అనుబంధంగా ఉండాలా అన్నది సభ్యులు నిర్ణయించుకోవాలి. వకీళ్లు, అనుభవం, పక్క ఫ్యాక్టరీ కార్మికుల మద్దతు దాంతో వస్తాయి. పార్టీ రంగు కూడా దాంతోనే వస్తుంది. కొత్త కోడ్ ప్రకారం ఒక సంస్థలో ఒకటి కంటే ఎక్కువ యూనియన్లుంటే, మస్టరు మీది కార్మికుల్లో 51 శాతం మద్దతున్నదే చర్చలు జరిపే యూనియన్ అవుతుంది; ఎవరికీ అంత లేకపోతే 20 శాతం మద్దతు లెక్కన చర్చల మండలిలో ఒక్కో ప్రతినిధి ఉంటారు. రెండో యూనియన్‌ను యాజమాన్యమే పుట్టించడం పాత ఎత్తుగడ. దాన్ని తిట్టుకుంటూ కూర్చోవడం కన్నా 51 దాటించడం మీద పనిచేయండి.

ఐదో అడుగు: డిమాండ్ల పత్రం

ఇరవై డిమాండ్లు రాస్తే యాజమాన్యం అతి చిన్నవి మూడు ఒప్పుకొని బయటపడుతుంది. వాటిని మూడు వరుసలుగా విడదీయండి. మొదటి వరుసలో చట్టం ఇప్పటికే ఇమ్మన్నవి ఉండాలి: కనీస వేతనం, ఓవర్‌టైమ్, పీఎఫ్, ఈఎస్ఐ, బోనస్, నెల దాటి ఏడో తేదీలోపు జీతం, పే స్లిప్పు. ఇవి బేరం పెట్టవలసినవి కావు; బకాయిలతో సహా అడగండి. రెండో వరుసలో జీతం పెంపు ఉంటుంది. ఎంత అడగాలన్నదానికి 1957లో 15వ భారత కార్మిక సదస్సు ఇచ్చిన కొలత ఇప్పటికీ పనికొస్తుంది: ముగ్గురు పెద్దల లెక్కన కుటుంబానికి ఒక్కొక్కరికి 2,700 కేలరీల ఆహారం, కుటుంబం మొత్తానికి ఏడాదికి 72 గజాల బట్ట, ఇంటి అద్దె, వంటచెరకు, దీపం వగైరాలకు 20 శాతం. పిల్లల చదువు, వైద్యం, పండగలు, వృద్ధాప్యం కోసం ఇంకో 25 శాతం చేర్చాలని 1991లో సుప్రీంకోర్టు రాప్టకోస్ బ్రెట్ కేసులో చెప్పింది. మీ ఊరి కిరాణా కొట్లో బియ్యం, కందిపప్పు, నూనె ధరలు అడిగి ఈ లెక్కను నలుగురు కూర్చొని వేయండి. "పాతికవేలు కావాలి" అంటే అధికారి నవ్వుతాడు. "మా ఊరి ధరల్లో ఇది ఇంత అవుతుంది, ఇదిగో లెక్క" అంటే ఆ లెక్కలో తప్పు వెతకాల్సిన పని అతని మీద పడుతుంది.

పెంపు బేసిక్‌లో రావాలా, అలవెన్సుగా రావాలా అన్నది కూడా ముందే తేల్చుకోండి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 జులై సమ్మె తర్వాత మున్సిపల్ పారిశుధ్య కార్మికులకు 15,000 వేతనం, 6,000 ఆరోగ్య అలవెన్సు కలిపి 21,000 వస్తుందని తేలింది. చేతికి వచ్చేది పెరిగిన మాట నిజమే. అయినా అలవెన్సుగా వచ్చినదాన్ని కాపాడుకోవడం బేసిక్‌లో కలిసినదాన్ని కాపాడుకోవడం కన్నా ఎప్పుడూ కష్టమే.

మూడో వరుస పని భద్రత. "అందరినీ పర్మినెంటు చేయాలి" అన్నది చివరి లక్ష్యంగా ఉంచుకోండి, కానీ ఈలోపు గెలవగలిగేవి కూడా రాయండి: కాంట్రాక్టరు మారినప్పుడు ఉన్నవారినే కొనసాగించాలన్న షరతు టెండరులోనే పెట్టాలి, అందరి పేర్లతో, చేరిన తేదీలతో సీనియారిటీ జాబితా ప్రధాన యజమాని సంతకంతో ప్రకటించాలి, రాతపూర్వక కారణం, విచారణ లేకుండా ఎవరినీ తీసేయకూడదు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 జులైలో ఆప్కాస్ (ఔట్‌సోర్సింగ్ ఉద్యోగుల కోసం ప్రభుత్వ కార్పొరేషన్) పెట్టినప్పుడు మధ్య ఏజెన్సీల బెడద తగ్గించడమే ఉద్దేశమన్నారు. ఏజెన్సీ పోయినా ఔట్‌సోర్సింగ్ అన్న మాట మాత్రం మిగిలే ఉంది.

ఆరో అడుగు: కనబడేలా కదలండి, తర్వాత చర్చలకు కూర్చోండి

పత్రం ఇచ్చాక పదిహేను రోజుల గడువు పెట్టండి. ఆ రోజుల్లో ప్రతి వారం ఒక చిన్న పని చేయాలి, అది పోయినవారం కంటే కాస్త పెద్దదిగా ఉండాలి. ఒకరోజు అందరూ నల్లబ్యాడ్జీలు పెట్టుకొని పనిచేయడం, ఇంకోరోజు భోజన విరామంలో గేటు మీటింగు, తర్వాత కలెక్టరేట్‌లో సోమవారం ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణిలో (తెలంగాణ) లేదా పీజీఆర్ఎస్‌లో (ఆంధ్రప్రదేశ్) కుటుంబాలతో కలిసి అర్జీ. బ్యాడ్జీ పెట్టుకోవడం యాజమాన్యాన్ని పెద్దగా భయపెట్టదు, నిజమే. కానీ 120 మందిలో 95 మంది పెట్టుకున్నారా, 40 మంది పెట్టుకున్నారా అన్నది మీకు తెలుస్తుంది. నలభై అయితే సమ్మె మాట ఎత్తకండి, మళ్లీ మూడో అడుగుకు వెళ్లండి.

పనిచేసే చోటి జనాన్ని కూడా కలుపుకోండి. మున్సిపల్ కార్మికులైతే తాము ఊడ్చే వీధుల్లోనే ఇంటింటికీ కరపత్రం ఇవ్వవచ్చు. అందులో అర పేజీకి మించి రాయవద్దు: మాకు రావలసింది ఇంత, వస్తున్నది ఇంత, గ్లౌజులు ఇచ్చి ఇన్ని నెలలైంది.

లేబర్ ఆఫీసులో రాజీ చర్చలు మొదలైతే సాధారణంగా 45 రోజుల్లో, సమ్మె నోటీసు ఇచ్చిన వివాదమైతే 14 రోజుల్లో రాజీ అధికారి ముగించాలి. కుదరకపోతే ప్రభుత్వం రిఫర్ చేసేదాకా ఎదురుచూడకుండా మీరే 90 రోజుల్లోపు ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. చర్చలకు ఐదుగురు వెళ్లండి. ఒకరు మాట్లాడాలి, ఒకరు రాసుకోవాలి, మిగిలినవారు చూడాలి. అక్కడికక్కడే ఏదీ ఒప్పుకోవద్దు, "సభ్యులను అడిగి చెబుతాం" అనండి. బయటికి రాగానే అదే రోజు గేటు దగ్గర అందరికీ చెప్పండి. చెప్పడం ఒక్క రోజు ఆలస్యమైతే "నాయకులు అమ్ముడుపోయారు" అన్న మాట మొదలవుతుంది, దాన్ని మొదలుపెట్టేది కాంట్రాక్టరు మనిషే.

ఏడో అడుగు: సమ్మె చేయాల్సి వస్తే

ఇప్పుడు 14 రోజుల ముందస్తు నోటీసు ఒక్క ప్రజోపయోగ సేవలకే కాదు, అన్ని పారిశ్రామిక సంస్థలకూ తప్పనిసరి. నోటీసు ఇచ్చిన 60 రోజుల్లోపే సమ్మెకు దిగాలి. రాజీ చర్చలు జరుగుతున్నప్పుడు, అవి ముగిసిన తర్వాత ఏడు రోజులదాకా సమ్మె చేయకూడదు. సగం మంది ఒకేరోజు మూకుమ్మడిగా క్యాజువల్ సెలవు పెట్టినా సమ్మె కిందే లెక్క. చట్టవిరుద్ధమైన సమ్మెకు 1,000 నుంచి 10,000 రూపాయలదాకా జరిమానా, నెలదాకా జైలు ఉండవచ్చు. ఈ గడువులన్నీ కలిపి చూస్తే చట్టబద్ధంగా సమ్మె చేయగలిగే తేదీని కాగితం మీద వెతుక్కోవాల్సి వస్తుంది. అందుకే కమిటీలో ఒకరు క్యాలెండరు పట్టుకొని కూర్చోవాలి.

తేదీ కన్నా ముఖ్యమైన ప్రశ్న ఇంకొకటి ఉంది: ఎన్నాళ్లు నిలబడగలం? 2019లో తెలంగాణ ఆర్టీసీ కార్మికులు అక్టోబర్ 5న సమ్మెలోకి వెళ్లారు, సుమారు 48,000 మంది 52 రోజులు నిలబడ్డారు. సెప్టెంబర్ జీతం రాలేదు, మొదటి రోజు సాయంత్రంలోగా చేరనివారు ఉద్యోగాలు వదులుకున్నట్టేనని ప్రభుత్వం అంది, కొందరు ప్రాణాలు తీసుకున్నారు. ప్రభుత్వంలో విలీనం అన్న ప్రధాన డిమాండు నెరవేరకుండానే సమ్మె విరమించారు. పట్టుదల తక్కువై కాదు, మధ్యలో దిగడానికి మెట్టు లేకపోవడం వల్ల అలా జరిగిందని నాకనిపిస్తుంది. ఆంధ్రప్రదేశ్ అంగన్‌వాడీ కార్యకర్తలు, ఆయాలు 2023 డిసెంబర్ 12న మొదలుపెట్టి 42 రోజులు నిలబడ్డారు, మధ్యలో 2024 జనవరి 6న, అత్యవసర సేవల్లో సమ్మెను నిషేధించే ఎస్మా చట్టాన్ని కూడా ప్రయోగించారు. అయినా చీలకుండా ఉండి, చర్చల్లో హామీలు తీసుకొని విధుల్లో చేరారు. మీ పని ఎస్మా కిందికి వచ్చే అత్యవసర సేవ అయితే ఆ సంగతి సభ్యులకు ముందే చెప్పండి, తర్వాత తెలిస్తే భయం రెట్టింపవుతుంది.

ఒకరోజు జీతం చొప్పున సమ్మె నిధి పోగుచేయండి, ఇంటి అద్దె, పిల్లల ఫీజు గడువు దగ్గరపడ్డ వారి జాబితా రాసుకోండి. రహస్య ఓటు పెట్టి ఫలితం చదవండి. ఓటులో నలుగురిలో ముగ్గురు సరేననకపోతే ఆగడం నయం.

ఎనిమిదో అడుగు: ఒప్పందం రాసుకోవడం

నోటిమాట హామీ మీద టెంటు తీయవద్దు. రాజీ అధికారి ముందు కుదిరిన ఒప్పందం ఆ సంస్థలో అందరికీ వర్తిస్తుంది, ఆ తర్వాత చేరేవారికి కూడా. బయట ఇద్దరి మధ్య రాసుకున్నది సంతకం పెట్టినవారికే. కాబట్టి అక్కడే రాయించండి, కాంట్రాక్టరుతో పాటు ప్రధాన యజమాని చేత కూడా సంతకం పెట్టించండి. ప్రతి వాక్యంలో మూడు విషయాలుండాలి: ఎవరు, ఎంత, ఏ తేదీలోగా. "పరిశీలిస్తాం", "సానుకూలంగా చూస్తాం", "వీలైనంత త్వరలో" అన్న మాటలు కనిపిస్తే పెన్ను కింద పెట్టండి. "సమ్మెలో పాల్గొన్నందుకు ఎవరి మీదా చర్య తీసుకోరాదు, పెట్టిన కేసులు ఉపసంహరించుకోవాలి" అన్న వాక్యం మర్చిపోయిన ఒప్పందాలు నేను చూశాను. తర్వాతి మూడు నెలలు కేసుల చుట్టూ తిరగడంతోనే సరిపోయింది.

ఒప్పందం తర్వాత వచ్చే మొదటి జీతం రోజున ప్రతి షిఫ్టులో ఒకరు ఒప్పందం కాపీ పట్టుకొని గేటు దగ్గర కూర్చోవాలి. ఒక్కొక్కరి స్లిప్పు చూసి, తేడా ఉంటే పక్కన రాసి, సాయంత్రానికల్లా ఉత్తరం పెట్టాలి. నెల తర్వాత పీఎఫ్ పాస్‌బుక్‌లో పెరిగిన వాటా పడిందో లేదో చూడాలి. సంఘం పెట్టినందుకు ఎవరినైనా పక్కనపెడితే వాయిదా వేయకుండా వివాదం లేవనెత్తండి, అలాంటి వివాదానికి రాజీ అధికారి దగ్గర రెండేళ్ల గడువు ఉంది.

అన్నిటికన్నా ముందు, ఇప్పటి కాంట్రాక్టు ఏ తేదీతో ముగుస్తుందో తెలుసుకొని యూనియన్ ఆఫీసు గోడ మీద పెద్ద అక్షరాలతో రాయండి. ఆ తేదీకి మూడు నెలల ముందు కొత్త టెండరు పత్రంలో "ఉన్నవారినే కొనసాగించాలి" అన్న షరతు ఉందో లేదో అడగడానికి వెళ్లాల్సిన ఐదుగురి పేర్లు కూడా పక్కనే రాయండి.